లెక్సర్ ఇన్ఫినిట్ లూప్‌లో పడిపోతోందా: లక్షణం బట్టి కారణం పట్టుకుని ఫిక్స్ చేయడం

సొంతంగా ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ రాసుకునే వాళ్ళలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు తగిలే బగ్ ఇది. రన్ కొడతారు, ఎర్రర్ రాదు, అవుట్‌పుట్ రాదు, కర్సర్ మాత్రం మిణుకుమంటూ ఉంటుంది, కాసేపటికి ఫ్యాన్ సౌండ్ పెరుగుతుంది. చూడ్డానికి భయంగా ఉన్నా దీనికి కారణాలు నిజానికి కొన్నే. లెక్సర్ అంటే కోడ్‌ని అక్షరం అక్షరం చదివి టోకెన్లుగా, అంటే పేర్లు, నంబర్లు, గుర్తులు లాంటి చిన్న ముక్కలుగా విడగొట్టే భాగం. దాని మెయిన్ లూప్ తిరిగిన ప్రతిసారీ కనీసం ఒక్క అక్షరమైనా ముందుకి జరగాలి, లేదంటే ఫైల్ అయిపోయిందని చెప్పి ఆగిపోవాలి. ఈ రెండూ జరగని దారి మీ కోడ్‌లో ఎక్కడో ఉంది, దాన్ని వెతకడమే పని.

ఆ దారి ఎక్కువగా ఒకేలా పుడుతుంది. అక్షరాన్ని చూసి ఇది ఫలానా రకం అని తేల్చే కోడ్ ఒకచోట ఉంటుంది, దాన్ని నిజంగా తినే (అంటే చదివేసి ముందుకి జరిగే) కోడ్ ఇంకోచోట ఉంటుంది, ఆ రెండిటికీ మాట కుదరదు. కింద చెప్పేవాటిలో చాలావరకు దీని రూపాలే.

ముందు అసలు లెక్సర్‌దేనా అని తేల్చుకోండి

టాస్క్ మేనేజర్ గానీ టాప్ కమాండ్ గానీ తెరిచి సీపీయూ, మెమరీ రెండూ చూడండి. సీపీయూ ఒక కోర్ నిండా వాడేస్తూ మెమరీ మాత్రం కదలకుండా ఉంటే ఎక్కువగా ఏదో లోపలి లూప్‌లో ఇరుక్కుందని, అంటే కామెంట్ దాటేసేదో, స్ట్రింగ్ చదివేదో, స్పేస్‌లు దాటేసేదో. సీపీయూతో పాటు మెమరీ కూడా పెరుగుతూ పోతుంటే మెయిన్ లూప్ తిరుగుతూ టోకెన్ల లిస్ట్‌లోకి ఖాళీ టోకెన్లు గానీ ఈఓఎఫ్ (ఫైల్ అయిపోయిందని చెప్పే) టోకెన్లు గానీ తోసేస్తోందని, దీన్ని ఎక్కువసేపు వదిలేస్తే మెషీన్ మొత్తం స్లో అయిపోతుంది కాబట్టి వెంటనే ఆపేయండి. సీపీయూ దాదాపు సున్నా ఉందంటే అది లూపే కాదు, ఫైల్ పేరు ఇవ్వకపోవడం వల్ల ప్రోగ్రామ్ కీబోర్డ్ ఇన్‌పుట్ కోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు.

తర్వాత డీబగ్గర్‌లో రన్ చేసి హ్యాంగ్ అయ్యాక కంట్రోల్ సీ కొట్టి బ్యాక్‌ట్రేస్ (ఆ క్షణంలో ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ని పిలిచిందో చూపే లిస్ట్) తీయండి, మళ్ళీ కంటిన్యూ చేసి మళ్ళీ ఆపండి, ఇలా కొన్నిసార్లు చేస్తే ప్రతిసారీ కనిపించే ఫంక్షన్ ఏదో తెలిసిపోతుంది. పైథాన్ అయితే ఉత్త కంట్రోల్ సీ చాలు, ట్రేస్‌బ్యాక్‌లో లైన్ నంబర్ వచ్చేస్తుంది.

ఇక్కడ ఒకటి జాగ్రత్తగా చూడండి. ప్రతిసారీ పార్సర్ (లెక్సర్ ఇచ్చిన టోకెన్లని తీసుకుని కోడ్ నిర్మాణం చూసే భాగం) ఫంక్షన్ కనిపించి, అది లెక్సర్‌ని తర్వాతి టోకెన్ అడుగుతూ ఉంటే, లెక్సర్ ప్రతిసారీ ఈఓఎఫ్ ఇస్తూ ఉంటే, తప్పు పార్సర్‌ది. ఫైల్ అయిపోయాక ఎన్నిసార్లు అడిగినా ఈఓఎఫ్ ఇవ్వడమే లెక్సర్‌కి సరైన ప్రవర్తన. పార్సర్ మూసే బ్రాకెట్ } కోసం తిరుగుతూ ఈఓఎఫ్ వచ్చిందా అని చూడట్లేదు, ఆ లూప్ కండిషన్‌లో ఈఓఎఫ్ చెక్ కలపండి, లెక్సర్‌ని ముట్టుకోకండి.

లెక్సర్‌దే అని తేలితే మెయిన్ లూప్‌లో ఒక ప్రింట్ పెట్టండి: ఏ పొజిషన్‌లో మొదలైంది, ఏ అక్షరం చూసింది, ఎంత పొడవు తినింది. 5 + @ 3 అనే చిన్న ఇన్‌పుట్ మీద ఇలా వస్తుంది:

పొజిషన్ 0, అక్షరం 5, పొడవు 1
పొజిషన్ 2, అక్షరం +, పొడవు 1
పొజిషన్ 4, అక్షరం @, పొడవు 0
పొజిషన్ 4, అక్షరం @, పొడవు 0
పొజిషన్ 4, అక్షరం @, పొడవు 0

పొడవు 0 అని ఎక్కడ కనిపించిందో అక్కడే బగ్. ఫైల్ పెద్దదైతే సగం తీసేసి రన్ చేయండి, ఇంకా హ్యాంగ్ అవుతుంటే మిగిలిన దాంట్లో సగం తీసేయండి, ఇలా చేస్తే పెద్ద ఫైల్ కూడా త్వరగా రెండు మూడు అక్షరాలకి దిగుతుంది.

లక్షణం: తెలియని గుర్తు కనిపిస్తే చాలు, అక్కడే ఆగిపోతుంది

పైన చూపించింది ఇదే. స్విచ్‌లో డిఫాల్ట్ బ్రాంచ్ ఎర్రర్ ప్రింట్ చేసి వెనక్కి వచ్చేస్తుంది గానీ ఆ అక్షరాన్ని తినదు, తర్వాతి రౌండ్‌లో మళ్ళీ అదే అక్షరం, మళ్ళీ అదే ఎర్రర్. స్క్రీన్ నిండా ఒకే ఎర్రర్ మెసేజ్ పరిగెడుతుంటే ఇంకేం చూడక్కర్లేదు. డిఫాల్ట్ బ్రాంచ్‌లో ముందు అక్షరాన్ని తినేసి ఆ తర్వాత ఎర్రర్ టోకెన్ ఇవ్వండి. బైట్లుగా చదివే లెక్సర్ అయితే ఒక్క బైట్ కాకుండా ఆ క్యారెక్టర్ మొత్తం తినాలి, లేకపోతే హ్యాంగ్ కాదు గానీ యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ఒక్కోటి 3 బైట్లు కాబట్టి ఒక్క అక్షరానికి మూడు ఎర్రర్లు వస్తాయి.

హ్యాంగ్ సరిగ్గా పొజిషన్ 0 దగ్గరే అయ్యి, ఫైల్ తెరిచి చూస్తే అక్కడ ఏ తప్పూ కనిపించకపోతే అది బీఓఎమ్ (ఫైల్ ఎన్‌కోడింగ్ ఏంటో చెప్పే గుర్తు) అయ్యుండొచ్చు. కొన్ని ఎడిటర్లు ఫైల్ మొదట్లో 239, 187, 191 అనే మూడు బైట్లు పెడతాయి, కంటికి కనపడవు. ఫైల్ లోడ్ చేసేటప్పుడే వాటిని దాటేయండి.

లక్షణం: కామెంట్ చివరి లైన్‌లో ఉంటేనే హ్యాంగ్

కామెంట్ చదివే లూప్ న్యూలైన్ వచ్చేదాకా పొమ్మని రాసి ఉంటుంది. ఫైల్ చివర న్యూలైన్ లేకపోతే అది ఎప్పటికీ రాదు. పీక్ ఫంక్షన్ (తర్వాతి అక్షరాన్ని తినకుండా చూసేది) ఫైల్ అయ్యాక సున్నా బైట్ ఇస్తూ ఉంటుంది, సున్నా న్యూలైన్ కాదు కాబట్టి లూప్ ఆగదు. చాలా ఎడిటర్లు సేవ్ చేసేటప్పుడు చివర న్యూలైన్ వాటంతట అవే పెట్టేస్తాయి కాబట్టి ఇది నెలల తరబడి బయటపడకుండా ఉండి, ఎవరో టెస్ట్‌లో ఒక్క లైన్ స్ట్రింగ్ ఇచ్చిన రోజు బయటపడుతుంది. లూప్ కండిషన్‌లో రెండూ ఉండాలి: న్యూలైన్ రాలేదు, ఫైల్ కూడా అయిపోలేదు.

కోట్ మూయని స్ట్రింగ్, మూయని బ్లాక్ కామెంట్ కూడా ఇదే జాతి, ఫిక్స్ కూడా ఇదే. కాకపోతే వీటికి ఎర్రర్ ఇచ్చేటప్పుడు స్ట్రింగ్ మొదలైన చోటు చూపించండి, ఫైల్ చివర చూపిస్తే వాడేవాళ్ళకి ఏం అర్థం కాదు. స్ట్రింగ్‌లో ఇంకో చిక్కు కూడా ఉంది. ఎస్కేప్ కోసం బ్యాక్‌స్లాష్ కనిపిస్తే రెండు అక్షరాలు ఒకేసారి దాటేస్తాం కదా, ఆ బ్యాక్‌స్లాష్ ఫైల్‌లో ఆఖరి అక్షరం అయితే పొజిషన్ ఫైల్ పొడవుని దాటి ఒకటి ముందుకి వెళ్ళిపోతుంది, అప్పుడు పొజిషన్ == పొడవు అని రాసిన చెక్ ఎప్పటికీ నిజం కాదు. ఇలాంటి చోట ఎప్పుడూ >= వాడండి, అలాగే దాటేముందు రెండో అక్షరం అసలు ఉందా అని చూడండి.

సున్నా బైట్‌నే ఫైల్ ముగింపు గుర్తుగా వాడేవాళ్ళకి ఒక మాట. ఫైల్ మధ్యలో నిజంగానే సున్నా బైట్ ఉంటే స్విచ్ దాన్ని చూసి ఈఓఎఫ్ అంటుంది, మెయిన్ లూప్ ఏమో పొజిషన్ ఇంకా పొడవు కంటే తక్కువే ఉంది కదా అని తిరుగుతూనే ఉంటుంది. ముగింపు ఏంటో ఒక్కచోటే నిర్ణయించండి, నా ఓటు పొజిషన్‌ని పొడవుతో పోల్చడానికే.

లక్షణం: ఒక మెషీన్‌లో బాగానే ఉంది, ఇంకోదాంట్లో హ్యాంగ్

సీ లాంగ్వేజ్‌లో రాశారా? అయితే గెట్‌చార్ ఇచ్చేది ఇంట్, దాన్ని చార్ వేరియబుల్‌లో పెట్టి ఈఓఎఫ్‌తో పోలుస్తున్నారేమో చూడండి. ఈఓఎఫ్ మామూలుగా -1. ఏఆర్ఎమ్ లినక్స్‌లో లాగా ఉత్త చార్ అన్‌సైన్డ్ అయిన చోట -1 కాస్తా 255 అయిపోతుంది, అది -1కి ఎప్పటికీ సమానం కాదు, లూప్ ఆగదు. చార్ సైన్డ్ అయిన మామూలు ఎక్స్86 మెషీన్‌లో హ్యాంగ్ అవ్వదు గానీ ఫైల్‌లో 255 విలువ ఉన్న బైట్ వస్తే మధ్యలోనే ఫైల్ అయిపోయిందనుకుంటుంది, అదీ తప్పే. వేరియబుల్ టైప్ ఇంట్ అని మార్చండి, రెండూ పోతాయి.

లక్షణం: ఇంగ్లీష్ కోడ్‌కి పనిచేస్తుంది, తెలుగు పేరు గానీ తెలుగు అంకె గానీ వస్తే ఇరుక్కుంటుంది

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే, ఎందుకంటే చూసే కోడ్‌కీ తినే కోడ్‌కీ ఉన్న తేడా ఇక్కడ కళ్ళకి కట్టినట్టు కనపడుతుంది. పైథాన్‌లో రాసిన లెక్సర్ అనుకోండి. వేరియబుల్ పేరు "కాలం". మనకి రెండు అక్షరాలు, యూనికోడ్‌కి నాలుగు: క, దీర్ఘం గుర్తు, ల, సున్న. ఈజ్‌ఆల్ఫా అని అడిగితే క, ల రెండిటికే ట్రూ వస్తుంది, దీర్ఘానికీ సున్నకీ ఫాల్స్, ఎందుకంటే గుణింతం గుర్తులు యూనికోడ్ లెక్కలో అక్షరాలు కావు, మార్కులు. అందుకని లెక్సర్ "క" వరకు పేరుగా తీసుకుని ఆగుతుంది, తర్వాతి రౌండ్‌లో దీర్ఘం గుర్తు చూసి ఇదేంటో తెలీదని డిఫాల్ట్ బ్రాంచ్‌కి వెళ్తుంది, ఆ బ్రాంచ్ తినకపోతే హ్యాంగ్. రెజెక్స్‌లో (ప్యాటర్న్ రాసి టెక్స్ట్‌ని మ్యాచ్ చేసే పద్ధతి) వర్డ్ క్యారెక్టర్ క్లాస్ వాడినా పైథాన్ స్టాండర్డ్ లైబ్రరీలో ఇదే గతి. పేరు దేంతో మొదలవ్వొచ్చు, దేంతో కొనసాగొచ్చు అనేది యూనికోడ్ వాళ్ళు 31వ నంబర్ అనెక్స్‌లో రెండు వేర్వేరు సెట్లుగా ఇచ్చారు, మార్కులు రెండో సెట్‌లో ఉంటాయి, ఆ సెట్లే వాడండి.

అంకెలది ఇంకా సూటిగా ఉంటుంది. ౫ అనే తెలుగు అంకెకి ఈజ్‌డిజిట్ ట్రూ ఇస్తుంది, కాబట్టి స్విచ్ దాన్ని నంబర్ చదివే ఫంక్షన్‌కి పంపుతుంది. ఆ ఫంక్షన్ లోపల లూప్ మాత్రం 0 నుంచి 9 మధ్యలో ఉందా అని పోలుస్తుంది, లేదు కాబట్టి ఒక్క అంకె కూడా తినకుండా పొడవు 0 ఉన్న నంబర్ టోకెన్ ఇచ్చేస్తుంది. ఆ ఖాళీ టెక్స్ట్‌ని అక్కడికక్కడే నంబర్‌గా మారిస్తే ఎర్రర్ వచ్చి దొరికిపోతుంది, అలాగే స్ట్రింగ్‌గా దాచుకునే లెక్సర్ అయితే లూపే. చిన్నగా పైన రాసే ² కూడా ఇంతే. స్పేస్‌లలో కూడా ఉంది ఈ గొడవ: వెబ్ పేజీ నుంచి కోడ్ కాపీ చేస్తే యూనికోడ్ నంబర్ 160 ఉన్న నాన్ బ్రేకింగ్ స్పేస్ వచ్చేస్తుంది, చూసేది ఈజ్‌స్పేస్ వాడి అవును అంటుంది, దాటేసేది మామూలు స్పేస్, ట్యాబ్, న్యూలైన్ మూడిటినే దాటేస్తుంది.

దీనికి ఫిక్స్ రెండు భాగాలు. ఒక్కో రకానికి ఒక్కటే ఫంక్షన్ పెట్టుకుని, చూసేటప్పుడూ తినేటప్పుడూ దాన్నే పిలవండి. దాంతో పాటు, పేరు గానీ నంబర్ గానీ చదివే ఫంక్షన్ లోపలికి రాగానే మొదటి అక్షరాన్ని మళ్ళీ ఏ ప్రశ్నా వేయకుండా తినేసి, ఆ తర్వాతే లూప్ మొదలుపెట్టాలి. ఈ రెండోది చేస్తే రేపు ఎవరైనా కండిషన్ మార్చినా టోకెన్ తప్పు రావచ్చేమో గానీ హ్యాంగ్ మాత్రం అవ్వదు.

లక్షణం: రెజెక్స్‌తో రాసిన లెక్సర్ తిరుగుతూనే ఉంది

ఏదో ఒక ప్యాటర్న్ ఖాళీ స్ట్రింగ్‌కి కూడా మ్యాచ్ అవుతోంది. నంబర్‌కి [0-9]* అని రాస్తే ఎక్కడైనా మ్యాచ్ అయిపోతుంది, పొడవు 0తో. * బదులు + పెట్టండి. జావాస్క్రిప్ట్‌లో గ్లోబల్ ఫ్లాగ్‌తో ఎగ్జెక్ లూప్ రాసినప్పుడు ఖాళీ మ్యాచ్ వస్తే లాస్ట్‌ఇండెక్స్ ముందుకి జరగదు, అక్కడే తిరుగుతుంది. లెక్సర్ కోడ్‌ని తయారుచేసిపెట్టే టూల్స్‌లో, యాంట్‌లర్ అయితే ఖాళీకి మ్యాచ్ అయ్యే రూల్ ఉందని వార్నింగ్ ఇస్తుంది, ఆ వార్నింగ్‌ని వదిలేయకండి. అలాంటిదే అయిన ఫ్లెక్స్‌లో యాక్షన్ లోపల వైవైలెస్‌కి (yyless) 0 ఇస్తే చదివిన టెక్స్ట్ మొత్తం వెనక్కి పెట్టేసినట్టు, బిగిన్‌తో స్టేట్ మార్చకపోతే మళ్ళీ అదే రూల్‌కి అదే మ్యాచ్.

ఇంకోటి చిన్నది, కానీ చాలా తరచుగా వస్తుంది: వైల్ లూప్ అడుగున పొజిషన్ ఒకటి పెంచే లైన్ ఉంటుంది, మధ్యలో స్పేస్ వస్తే కంటిన్యూ అని ఉంటుంది, ఆ కంటిన్యూ పెంచే లైన్‌ని దాటేసి పైకి పోతుంది. ఫర్ లూప్‌ని వైల్‌కి మార్చినప్పుడల్లా లోపల ఉన్న కంటిన్యూలు అన్నీ ఒకసారి చూసుకోండి.

ఇక ముందు రాకుండా

మెయిన్ లూప్‌లో ఒక చెక్ శాశ్వతంగా పెట్టేయండి: రౌండ్ మొదట్లో పొజిషన్ దాచుకుని, చివర్లో పొజిషన్ పెరగలేదు, టోకెన్ ఈఓఎఫ్ కాదు అంటే పొజిషన్, అక్షరం చెప్పి ప్రోగ్రామ్‌ని ఆపేయాలి. ఒక్క పోలిక కాబట్టి స్పీడ్ మీద పడే భారం లెక్కలోకి రాదు, రిలీజ్ బిల్డ్‌లో కూడా ఉంచేయమనే చెప్తాను. అయితే ఇండెంటేషన్ ఉన్న లాంగ్వేజ్ అయితే ఈ చెక్‌ని కొంచెం మార్చాలి, ఎందుకంటే డిడెంట్ (ఇండెంట్ తగ్గిందని చెప్పే) టోకెన్లు నిజంగానే పొడవు 0తో వస్తాయి, ఒకే చోట వరసగా నాలుగు కూడా రావచ్చు. అలాంటప్పుడు పొజిషన్ పెరిగిందా లేక ఇండెంట్ స్టాక్ తగ్గిందా అని రెండూ చూడాలి, ఏదో ఒకటి జరిగితే ఓకే. లోపలి లూప్‌లో ఇరుక్కుంటే మాత్రం కంట్రోల్ ఈ చెక్ దాకా రాదు, దానికి టెస్టులే దిక్కు.

టెస్ట్‌లలో నేను ముందు రాయమనేది ఇది. మీ లాంగ్వేజ్‌లో అన్ని రకాల టోకెన్లూ ఉన్న ఒక ప్రోగ్రామ్ తీసుకుని, దాని మొదటి 1 అక్షరం, మొదటి 2, మొదటి 3, ఇలా చివరిదాకా ప్రతి ముక్కనీ విడిగా లెక్సర్‌కి ఇవ్వండి, ఒక్కోదానికి ఒక సెకను టైమౌట్ పెట్టి. మూయని స్ట్రింగ్, సగంలో తెగిన కామెంట్, చివర బ్యాక్‌స్లాష్, న్యూలైన్ లేని చివరి లైన్, అన్నీ ఇందులోనే వచ్చేస్తాయి. ఆ తర్వాత ఓపిక ఉంటే ఫజర్ (ఏవేవో ఇన్‌పుట్‌లు తనే పుట్టించి ఇస్తూ బగ్‌లు వెతికే టూల్) పెట్టండి. లిబ్‌ఫజర్‌లో టైమౌట్ డిఫాల్ట్‌గా 1200 సెకన్లు, లెక్సర్‌కి అది మరీ ఎక్కువ, 5కి తగ్గించండి. ఏఎఫ్ఎల్ అనే ఇంకో ఫజర్ అయితే ఇరుక్కున్న ఇన్‌పుట్‌లని హ్యాంగ్స్ అనే ఫోల్డర్‌లో విడిగా దాస్తుంది, వాటిని కుదించి టెస్ట్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి.