కంప్యూటరే రేడియో – 3వ పాఠం: డాంగిల్ ఎవరి చేతిలో ఉంది?

పోయిన పాఠంలో ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (రేడియో తరంగాలను అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు ఇచ్చే చిన్న యూఎస్‌బీ పరికరం), యాంటెన్నా, ఒక మీటరు యూఎస్‌బీ పొడిగింపు వైరు సమకూర్చుకున్నాం. ఈసారి వాటిని ఉబుంటు కంప్యూటర్‌కు తగిలించి, సాఫ్ట్‌వేర్ ఎక్కించి, హైదరాబాద్ వివిధ భారతిని 102.8 మెగాహెర్ట్జ్ మీద పట్టాలి.

కమాండ్లను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాం. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. గీత అని ఉన్నచోట అడ్డగీత (-), అండర్‌స్కోర్ అని ఉన్నచోట కింది గీత (_). సుడో అంటే ఆ కమాండ్‌ను అధికారి హక్కుతో నడపమని చెప్పడం. ఈ రెండూ తారుమారైతే కమాండ్ పని చేయదు.

మొదట డాంగిల్ పెట్టకుండానే ఈ రెండు వరుసలు నడపండి:

సుడో ఆప్ట్ అప్‌డేట్
సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ జీక్యూఆర్‌ఎక్స్-ఎస్‌డీఆర్

రెండో వరుస రెండు ప్యాకేజీలను తెస్తుంది. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ పరీక్షలు చేసే చిన్న పనిముట్ల మూట. జీక్యూఆర్‌ఎక్స్ తెర మీద తరంగాలను చూపిస్తూ వినిపించే రేడియో. మనమే రేడియోలు కట్టుకునే జీఎన్‌యూ రేడియో సాఫ్ట్‌వేర్‌ను ఇప్పుడే ఎక్కించుకోవద్దు. అది పెద్దది, దానితో పని 5వ పాఠంలో ఉంది. ఇక్కడ ఏదైనా తేడా వస్తే వెతకాల్సిన చోట్లు తక్కువగా ఉండాలి.

ఇప్పుడు డాంగిల్ పెట్టి ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అని కొట్టండి. వచ్చిన జాబితాలో 0బీడీఏ:2838 అనే గుర్తు ఉన్న వరుస కనిపించాలి. కొన్ని డాంగిళ్లలో చివరి అంకెలు 2832 ఉంటాయి. రెండూ లేకపోతే తప్పు సాఫ్ట్‌వేర్‌లో లేదు. పొడిగింపు వైరు తీసి నేరుగా పెట్టి చూడండి, తర్వాత వేరే పోర్టు మార్చండి. డెస్క్‌టాప్ డబ్బా ముందువైపు పోర్టులకు లోపలి వైరు వదులుగా ఉండటం మామూలే, కాబట్టి వెనకవైపు పోర్టే నమ్మకం.

వరుస కనిపిస్తే అసలు పరీక్ష పెట్టండి: ఆర్‌టీఎల్, అండర్‌స్కోర్, టెస్ట్. నమూనాలు (తరంగాన్ని కొలిచిన అంకెలు) వస్తున్నట్టు చెప్పి ఆగకుండా నడుస్తుంటే పని అయినట్టే. కంట్రోల్, సి కలిపి నొక్కి ఆపండి. ఆగిపోతే మాత్రం కంగారుపడి అన్నీ తీసేసి మళ్ళీ ఎక్కించకండి. ఆగిన చోట ఒక అంకె ఉంటుంది, జబ్బేమిటో ఆ అంకే చెబుతుంది.

మైనస్ 6 వస్తే డాంగిల్‌ను ఇంకెవరో పట్టుకొని ఉన్నారని అర్థం. కారణం ఇదీ. లోపలి ఆర్‌టీఎల్2832యూ చిప్ డిజిటల్ టీవీ కోసం పుట్టింది. దాని నుంచి ముడి నమూనాలు తీసి రేడియోగా వాడుకోవచ్చన్న సంగతి 2012 నుంచి అందరికీ తెలిసింది. కానీ ఉబుంటుకు గుండెకాయ లాంటి లైనక్స్ కెర్నల్ దాన్ని టీవీ ట్యూనర్‌గానే గుర్తుపడుతుంది. అందుకే పెట్టిన వెంటనే టీవీ డ్రైవర్‌కు అప్పగిస్తుంది, మన పరీక్ష వెళ్ళేసరికి తలుపు మూసి ఉంటుంది. ఆ డ్రైవర్ పేరు డీవీబీ_యూఎస్‌బీ_ఆర్‌టీఎల్28ఎక్స్‌ఎక్స్‌యూ. దాన్ని రానివ్వకుండా చేయాలంటే:

సుడో నానో /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డి/బ్లాక్‌లిస్ట్-ఆర్‌టీఎల్.కాన్ఫ్

తెరుచుకున్న ఖాళీ పేజీలో బ్లాక్‌లిస్ట్ అని రాసి, ఒక ఖాళీ వదిలి, ఆ డ్రైవర్ పేరు రాయండి. కంట్రోల్-ఓ, ఎంటర్, కంట్రోల్-ఎక్స్‌తో దాచి బయటికి రండి. కంప్యూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయండి. ఫైలు పేరు చివర కాన్ఫ్ అనే తోక లేకపోతే సిస్టమ్ ఆ ఫైలును చదవనే చదవదు. చాలామంది పొరపాటు పడేది అక్కడే.

మైనస్ 3 వస్తే అనుమతి లేదని అర్థం. డాంగిల్ ఖాళీగానే ఉంది, మీ యూజర్‌కే దాన్ని ముట్టుకునే హక్కు లేదు. నిర్ధారించుకోవడానికి అదే పరీక్షను ముందు సుడో చేర్చి నడపండి. అప్పుడు నడిస్తే లోపం అనుమతిదే. చాలాసార్లు డాంగిల్ తీసి మళ్ళీ పెడితే చాలు, ఎందుకంటే ప్యాకేజీ తెచ్చిన నియమాలు కొత్తగా పెట్టిన పరికరానికే వర్తిస్తాయి. అది చాలకపోతే మీ యూజర్‌ను ప్లగ్‌డెవ్ అనే గుంపులో చేర్చి, లాగౌట్ అయి మళ్ళీ రండి. జీక్యూఆర్‌ఎక్స్‌ను మాత్రం సుడోతో తెరిచే అలవాటు చేసుకోకండి. దాని సెట్టింగుల ఫైళ్లు రూట్ (అధికారి ఖాతా) పేరు మీద పడితే మామూలుగా తెరిచిన రోజు అది మొరాయిస్తుంది.

ఆర్‌టీఎల్_టెస్ట్‌కు ఒక ఖాళీ వదిలి -టి చేర్చి నడిపితే ఈ4000 ట్యూనర్ (స్టేషన్ పట్టే చిప్) దొరకలేదు, ఆపేస్తున్నా అని వస్తుంది. ఇది చూసి డాంగిల్ పాడైందనుకుంటారు. కాదు. ఆ పరీక్ష పాత ఈ4000 చిప్ కోసమే రాసినది, మీ దాంట్లో ఉండేది ఎక్కువగా ఆర్820టీ2. పీఎల్‌ఎల్ (ట్యూనర్‌లో ఫ్రీక్వెన్సీని నిలకడగా పట్టే భాగం) లాక్ కాలేదు అన్న వరుస మొదట్లో ఒక్కసారి వచ్చినా భయం లేదు.

మొదలైనప్పుడు కొన్ని బైట్లు పోయాయని ఒక్కసారి చెప్పినా పర్వాలేదు. అదే సందేశం ఆగకుండా వస్తుంటే మాత్రం దారి ఇరుకైంది. లెక్క చూడండి: సెకనుకు 24 లక్షల నమూనాలు, ఒక్కోదానికి 2 బైట్లు, అంటే సెకనుకు 48 లక్షల బైట్లు, 38.4 మెగాబిట్లు. యూఎస్‌బీ 2.0కు ఇది తేలికే. కానీ పవర్ లేని హబ్‌కు పెన్‌డ్రైవ్, కెమెరాతో పాటు తగిలించినా, విండోస్‌లో వర్చువల్ మెషీన్ లోపల ఉబుంటు నడిపినా నమూనాలు రాలిపోతాయి.

వీ4 రకం డాంగిల్ కొన్నవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. డాంగిల్‌తో మాట్లాడే పాత లైబ్రరీకి (ప్రోగ్రాంలు పంచుకునే ఫైలు) ఆ రకం తెలియదు. పరీక్షలో వీ4 గుర్తించినట్టు వరుస రాకపోతే, తయారీదారు ఇచ్చిన డ్రైవర్‌ను సోర్స్ నుంచి కట్టుకోవాలి. ఆ తర్వాత ఎల్‌డీకాన్ఫిగ్ -పి నడిపి, ఆర్‌టీఎల్‌ఎస్‌డీఆర్ లైబ్రరీ ఎన్ని చోట్ల ఉందో చూడండి. ఆప్ట్ తెచ్చినదొకటి, మీరు కట్టినదొకటి ఉంటే, పరీక్ష కొత్తదాన్ని వాడుతుండగా జీక్యూఆర్‌ఎక్స్ పాతదాన్నే తెరవవచ్చు. పరీక్ష బాగుండి రేడియో మూగగా ఉంటే మొదట అనుమానించాల్సింది ఇదే.

విండోస్‌లో ఉండేవాళ్ళకు కూడా పని ఇదే, పనిముట్టు వేరు. జాడిగ్ అనే చిన్న ప్రోగ్రాంతో టీవీ డ్రైవర్ స్థానంలో విన్‌యూఎస్‌బీ పెట్టాలి. జాబితాలో బల్క్-ఇన్, ఇంటర్‌ఫేస్ 0 అన్నదాన్నే ఎంచుకోండి. పొరపాటున మౌస్‌ను ఎంచుకుంటే మౌస్ పోతుంది.

ఇక రేడియో. జీక్యూఆర్‌ఎక్స్ తెరిస్తే మొదట పరికరం అడుగుతుంది. రియల్‌టెక్ పేరున్నది ఎంచి, ఇన్‌పుట్ రేటు 2400000 పెట్టండి. మోడ్ వైడ్ ఎఫ్‌ఎం స్టీరియో. ప్లే గుర్తు నొక్కి, ఫ్రీక్వెన్సీ 102.800 పెట్టండి. హార్డ్‌వేర్ ఏజీసీ (గెయిన్‌ను దానంతట అదే మార్చేది) టిక్కు తీసేసి, గెయిన్‌ను, అంటే సిగ్నల్‌ను పెంచే మోతాదును, 20 డెసిబెళ్ల దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచండి. స్టేషన్ గుట్ట ఎత్తు పెరుగుతున్నంతవరకు పెంచవచ్చు. చుట్టూ ఉన్న నేల (స్టేషన్ లేనిచోట కనిపించే రొద) కూడా సమంగా లేస్తుంటే అక్కడ ఆపాలి. అంతకు మించితే ఒకే స్టేషన్ నాలుగు చోట్ల కనిపిస్తుంది, అవన్నీ నీడలే.

నల్లగొండకైనా, మహబూబ్‌నగర్‌కైనా హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. చౌటుప్పల్, షాద్‌నగర్ వైపు వాళ్ళకు గదిలోనే వినిపించవచ్చు. దేవరకొండ, అచ్చంపేట వైపు మాత్రం మిద్దె ఎక్కాల్సిందే. యాంటెన్నా ఒక్కో చేయి 70 సెంటీమీటర్లు, రెండూ నేలకు నిలువుగా కాక అడ్డంగా పెట్టి ఒకసారి, నిలువుగా పెట్టి ఒకసారి చూడండి. మధ్యలో రాతిగుట్ట ఉంటే పది అడుగులు పక్కకు జరిపినా తేడా తెలుస్తుంది. అయినా రాకపోతే మొదట మీ ఊళ్ళో గట్టిగా వచ్చే ఏ ఎఫ్‌ఎం స్టేషన్‌నైనా పట్టండి. కంప్యూటర్ పని సరిగా ఉందో లేదో దానితోనే తేలుతుంది.

తెర మీద నిలువు గీతలు వరసగా, సమాన దూరంలో కనిపిస్తే అది రేడియో కాదు, ఇంట్లోని చార్జర్, ఎల్‌ఈడీ బల్బు లేదా ఇన్వర్టర్. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పీకి చూడండి. కరెంటు పోయిన పూట ఇన్వర్టర్ కూడా ఆపి బ్యాటరీ మీద ఒకసారి చూస్తే మీ ఇంటి అసలు నిశ్శబ్దం ఎంతో తెలుస్తుంది. బోరు మోటర్ స్టార్టర్ పడినప్పుడు తెర అంతా ఒక్కసారి మెరిసి తగ్గడం మామూలే, దానికి సెట్టింగులు మార్చకండి.

వచ్చే పాఠానికి మూడు అంకెలు రాసి పెట్టుకోండి. మీకు సరిపోయిన గెయిన్ ఒకటి. కరెంటు ఉన్నప్పుడు, లేనప్పుడు నేల ఎత్తు ఎంతెంత అన్నది రెండోది. మూడోది పీపీఎం తేడా, అంటే డాంగిల్ ఫ్రీక్వెన్సీ పది లక్షల్లో ఎన్ని వంతులు తప్పుతోందో: డాంగిల్‌ను 20 నిమిషాలు వేడెక్కనిచ్చి, ఆర్‌టీఎల్_టెస్ట్ -పి నడిపి, కనీసం పది నిమిషాలు వదిలి, చివరి సగటు చూడండి. మే నెల మధ్యాహ్నం మిద్దె మీద ఒకసారి, రాత్రి గదిలో ఒకసారి కొలిస్తే రెండూ ఒకటి కావు. 1 పీపీఎం అంటే 100 మెగాహెర్ట్జ్ దగ్గర 100 హెర్ట్జ్. ఎఫ్‌ఎం స్టేషన్‌కు అది లెక్కలోకి రాదు, కానీ 4వ పాఠంలో 145 మెగాహెర్ట్జ్ దగ్గరి సన్నని హామ్ రేడియో ప్రసారాలను వెతికేటప్పుడు ఆ అంకె లేకుండా ముందుకు పోలేం.