రోబోటిక్స్‌ల పీహెచ్‌డీ ఎట్ల చేయాలె? గైడ్‌కి మెయిల్ పెట్టే ముందు ఇది చదవుర్రి

తేలికయినయి ముందుగాల చెప్పేస్త. ల్యాప్‌టాప్‌ల ఉబుంటు (లినక్స్) ఎక్కించుర్రి, విండోస్‌ల రాస్ (ROS, రోబోలకు ప్రోగ్రామ్ రాసే సాఫ్ట్‌వేర్) నడిపిచ్చుకుంట కూసుంటే సెమిస్టర్ అయిపోతది. పైథాన్, సీ ప్లస్ ప్లస్, లీనియర్ ఆల్జీబ్రా, రాస్ 2, గజీబో (కంప్యూటర్ల ఉత్తుత్తి రోబోను నడిపిచ్చే సిమ్యులేటర్), ఇవన్నీ బీటెక్ మూడో ఏడుకే చేతికి రావాలె. పాత యూట్యూబ్ వీడియోలు పట్టుకొని రాస్ 1 నేర్సుకోకుర్రి, దాని ఆఖరి వెర్షన్ నోయెటిక్‌కి 2025 మేలనే సపోర్ట్ బంద్ అయింది. గేట్ రాయుర్రి, స్కోర్ మూడేండ్లు చెల్లుతది. ఎంటెక్ లేకున్నా ఐఐటీలల్ల, ఐఐఎస్సీల డైరెక్ట్ పీహెచ్‌డీ ఉన్నది. పైసలంటరా, జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ చేసేటోళ్లకిచ్చే ఫెలోషిప్) నెలకు 37,000, రెండేండ్లయినంక 42,000.

ఇగ అసలు ముచ్చట గైడ్. అందరు బోల్తా పడేది ఇక్కడ్నే.

మొన్న హన్మకొండల ఒక తమ్ముడు వచ్చిండు, అరవై మెయిల్స్ పెట్టిన అన్నా ఒక్కరు రిప్లై ఇయ్యలే అన్నడు. ఫోన్ తీసుకొని చూసిన. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ మచ్ ఇంట్రెస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ ల్యాబ్", అరవైట్లా ఇదే, ప్రొఫెసర్ పేరు ఒక్కటే మారింది, అది కూడ కాపీ పేస్ట్ కొట్టిండు కాబట్టి మిగతా మెయిల్ కంటే పెద్ద అక్షరాలల్ల కనిపిస్తున్నది. ఇగ రిప్లై ఎట్లొస్తది?

అరవై కాదు, ఆరే పెట్టుర్రి. ఒక్కో ప్రొఫెసర్‌ది ఒక పేపర్ మొత్తం చదవాలె, కోడ్ పెట్టి ఉంటే దింపుకొని నడిపియ్యాలె, అది ఎక్కడ ఆగిందో రాయాలె. స్లామ్ అంటే రోబో తిరుగుకుంటనే మ్యాప్ గీసుకొని అండ్ల తనెక్కడున్నదో చూసుకునుడు, లూప్ క్లోజ్ అంటే పాత జాగకే మళ్ల వచ్చిన అని మ్యాప్ కలుపుడు. దాని మీద ఇట్ల రాయొచ్చు: "మీ స్లామ్ కోడ్ మా హాస్టల్ కారిడార్ల నడిపిస్తే ఫస్ట్ ఫ్లోర్, సెకండ్ ఫ్లోర్ ఒక్కటే అనుకొని లూప్ క్లోజ్ చేసింది, రెండు ఒక్క తీర్గనే ఉంటయి, దీనికి మీరేం చేస్తరు?" గిట్ల నాలుగు లైన్లు రాస్తే సార్ ఆగి చదువుతడు. పొగడ్తలు వద్దు, సీవీ ఒక్క పేజీ దాటొద్దు, మంగళవారం పొద్దుగాల్నే పెట్టాలె. రెండు వారాలు చూసి ఒక్కసారి గుర్తు చేయుర్రి, అంతకంటే ఎక్కువ పీడించొద్దు.

కన్సల్టెన్సోళ్లు ర్యాంకింగ్ లిస్ట్ చేతిల పెడ్తరు, నాకు అది నచ్చదు. మన తెలుగాయన రాజ్ రెడ్డి గారు 1979ల కార్నెగీ మెలన్‌ల రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలైనప్పుడు దానికి మొదటి డైరెక్టర్, నిజమే గని అందరు గక్కడికే పోవాలని లేదు. గచ్చిబౌలి ట్రిపుల్ఐటీల రోబోటిక్స్ రీసెర్చ్ సెంటర్ ఉన్నది, కాజీపేటల పొద్దుగాల రైలెక్కితే మధ్యాహ్నం లోపట్నే గేటు ముంగట ఉంటరు. అమెరికాకే పోత అంటే మాత్రం చాలా డెడ్‌లైన్లు డిసెంబర్లనే పడ్తయి, ఫండింగ్ ఉన్న సీటుకే పోవాలె, సొంత పైసలతోటి పీహెచ్‌డీ వద్దే వద్దు.

గైడ్ ఒప్పుకున్నడని ఎగరకుర్రి. పెండ్లి సంబంధానికి ఎంత ఆరా తీస్తరో అంత తియ్యాలె, ఐదేండ్ల కాపురం ఇది. ఆ ల్యాబ్‌ల ఇప్పుడున్న స్టూడెంట్‌కి ఫోనే చేయుర్రి, మెయిల్‌ల ఎవ్వరు నిజం రాయరు. నిజం రోబో ముట్టనిస్తరా లేకపోతే సిమ్యులేషన్ తోటే గడవాల్నా, సీనియర్లు ఎన్నేండ్లకు బయటపడ్డరు, వారానికి ఎన్నిసార్లు కలుస్తడు, అడగుర్రి. ఆ పిలగాడు "సార్ మంచోడే..." అని ఆగి సప్పుడు చెయ్యకపోతే, ఆ ల్యాబ్ పేరు కొట్టేసి కింది పేరుకి పోర్రి.