మాట్లాడుకోని మెంటార్ జంటలను పట్టుకునే ఫిల్టర్

పూర్వ విద్యార్థులు మెంటార్లుగా ఉండే కళాశాల కార్యక్రమాన్ని గూగుల్ షీట్స్‌లో నడుపుతున్నారా? అయితే మామూలు ఫిల్టర్ జోలికి పోకండి. మీరు ఫిల్టర్ పెట్టగానే, అదే షీటులో పనిచేస్తున్న తోటి సమన్వయకర్తలకూ సగం పేర్లు కనిపించకుండా పోతాయి. డేటా మెనూలో ఫిల్టర్ వ్యూ తయారు చేసుకుంటే వడపోత మీ తెరకే పరిమితం. దానికి పేరు పెట్టి దాచుకోవచ్చు, లింకు కూడా పంపవచ్చు.

అన్నిటికన్నా ముందు చేసుకోవలసింది ‘నెలగా మాట్లాడుకోనివారు’ అనే వ్యూ. ‘చివరి సమావేశం’ నిలువు వరుసలో షరతు ప్రకారం వడపోతకు వెళ్లి, తేదీ గత నెలకు ముందుది అని ఎంచుకోండి. ప్రతిసారీ తేదీ మార్చే పని ఉండదు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఒక్కసారి కూడా కలవని మెంటార్-విద్యార్థి జంటలకు ఆ గడి ఖాళీగా ఉంటుంది. ఖాళీ గడి తేదీ షరతుకు చిక్కదు కాబట్టి వాళ్లు ఈ జాబితాలోకే రారు. నిజానికి మనం ముందుగా ఫోను చేయవలసింది వాళ్లకే. పెద్ద ఉద్యోగంలో ఉన్న సీనియర్‌కు మొదటి సందేశం ఎలా పెట్టాలా అని మొహమాటపడి ఆగిపోయిన మొదటి సంవత్సరం పిల్లలు వాళ్లలోనే ఉంటారు. అందుకే ‘గడి ఖాళీగా ఉంది’ అనే షరతుతో రెండో వ్యూ తప్పనిసరి.

ఇవన్నీ పనిచేయాలంటే తేదీ నిజంగా తేదీగానే నమోదై ఉండాలి. గడి మీద రెండుసార్లు నొక్కి చూడండి: క్యాలెండర్ తెరుచుకుంటే సరిగ్గా ఉన్నట్టే.