పాత సైకిల్ మరమ్మతు, 3వ పాఠం: చవకలో మంచి కాలిపర్

పోయిన పాఠంలో సీట్‌పోస్ట్, అంటే ఫ్రేములోకి దిగే సీటు కింది గొట్టం, బయటికి తీశాం. కొత్తది కొనాలంటే దాని వ్యాసం తెలియాలి. స్కేలుతో చూస్తే 26కీ 27కీ మధ్య ఎక్కడో ఉందని తెలుస్తుంది, అంతే. పాత సైకిళ్ల పోస్టులు 26.4, 26.6, 26.8, 27.0 మి.మీ. ఇలా 0.2 తేడాతో వస్తాయి. మొదట్లో నేను 26.8 పట్టే ఫ్రేములో 26.6 వేశాను. బోల్టు ఎంత బిగించినా పోస్టు మెల్లగా కిందికి దిగేది. బిగించీ బిగించీ చివరికి ఫ్రేము చెవులు, అంటే ఆ బోల్టు పట్టే రెండు కొసలు, వంగిపోయాయి. మంచి ఫ్రేము, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మనకు కావలసింది 0.05 మి.మీ. దాకా చదివే 150 మి.మీ. స్టీలు వెర్నియర్ కాలిపర్, అంటే వస్తువుని దవడల మధ్య పట్టి, పెద్ద స్కేలు మీద జరిగే చిన్న స్కేలుతో కొలత చూపే పరికరం. 126 మి.మీ. వెనక హబ్ (చక్రం మధ్య భాగం) కూడా అందులో పడుతుంది. మైక్రోమీటర్ మీద డబ్బు పెట్టకండి, మామూలుగా ఒక్కోటి 25 మి.మీ. పరిధిలోనే కొలుస్తుంది. ప్లాస్టిక్ కాలిపర్ వద్దే వద్దు, కాస్త నొక్కితే దవడలు వంగి రీడింగ్ మారిపోతుంది. డిజిటల్ వాడటం సుఖమే. కానీ కొన్ని చవక రకాలు ఆఫ్ చేసినా బ్యాటరీ తినేస్తాయి. ఎప్పుడో ఒకసారి పనిచేసుకునేవాళ్లకు గీతల వెర్నియరే నయం.

కొనేముందు దవడలు మూసి వెలుతురుకి ఎత్తి పట్టండి. సందులోంచి వెలుగు కనబడకూడదు, రెండు సున్నా గీతలూ కలవాలి. తర్వాత వెనక హబ్‌లో వేసే పావు అంగుళం బేరింగ్ గోలీ, కొత్తది, కొలవండి. అది 6.35 మి.మీ. ఉంటుంది. మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ అదే రావాలి. ఒక్కోసారి ఒక్కోలా చూపించే కాలిపర్‌ని అక్కడే వదిలేయండి.

ఇక చదవడం. పోస్టుని దవడల మధ్య పెట్టి, బొటనవేలితో ఆనీ ఆననట్టు మూయండి. జరిగే స్కేలు సున్నా 26 దాటి ఆగిందనుకోండి. ఇప్పుడు ఆ స్కేలు మీది గీతల్లో ఏది పెద్ద స్కేలు గీతతో సూటిగా కలిసిందో వెతకండి. 8 దగ్గరి గీత కలిస్తే 26.8. పక్క గీత కూడా కలిసినట్టే అనిపిస్తుంది, తొందరపడకండి. స్కేలుకి ఎదురుగా కన్ను పెట్టి చూడండి, ఏటవాలుగా చూస్తే తప్పు వస్తుంది.

ఈ వారం అభ్యాసం: పోస్టుని గీతలు పడని చోట, రెండు దిక్కుల్లో కొలిచి రాసుకోండి. పోస్టు మీద సైజు ముద్ర ఉన్నా సరే కొలవండి. అయితే మీకంటే ముందు ఎవరైనా తప్పు పోస్టు వేసి ఉండొచ్చు. అందుకే వచ్చే పాఠంలో పై దవడలతో ఫ్రేము గొట్టం లోపలి కొలత తీద్దాం.