జోంగాను వాగులోకి దింపే ముందు
జోంగా, జబల్‌పూర్‌లో నిస్సాన్ డిజైన్ మీద ఆర్మీ కోసం కట్టిన పెట్రోల్ బండి, కాబట్టి నీళ్లలో దాని బలహీనతంతా డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకు కరెంట్ పంచే భాగం) దగ్గరే. ముందు మీరే కర్ర పట్టుకుని దిగి లోతు చూడండి. మోకాలు దాటితే ఫ్యాన్ బెల్ట్ తీసేయండి, లేకపోతే ఫ్యాన్ నీళ్లన్నీ తెచ్చి సరిగ్గా డిస్ట్రిబ్యూటర్ మీదే చిమ్ముతుంది (ఒకసారి బద్ధకించా, వాగు మధ్యలో బానెట్ ఎత్తి దాని క్యాప్‌ని బనియన్‌తో తుడుచుకున్నా). ఒడ్డెక్కగానే బెల్ట్ మళ్లీ వేయాలి, మర్చిపోతే ఇంజన్ వేడెక్కిపోతుంది.

ఫోర్ వీల్ లో-రేంజ్ (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా తిరిగే గేరు), మనిషి నడిచేంత వేగం, మధ్యలో క్లచ్ జోలికి వెళ్లొద్దు. ఆగిపోతే సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్‌లోకి నీళ్లు పోయుంటే పిస్టన్‌ని పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ముందు ప్లగ్గులు విప్పి చూడండి.

బురదలో ఎంత రేస్ చేస్తే అంత గొయ్యి. టైర్లలో గాలి కాస్త తగ్గించి నెమ్మదిగా లాగండి. బయటపడ్డాక బ్రేకులు ఆరేదాకా పెడల్ మీద కాలు ఆనించి కొంచెం దూరం నడపండి.