ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ ఓవర్‌క్లాకింగ్ – మూడో పాఠం: ముందు వేడి సంగతి, తర్వాతే వేగం

ఓవర్‌క్లాకింగ్ అంటే చిప్పుని కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడిపించడం. పోయిన పాఠంలో కార్డు సెట్టింగులు చూపించి మార్చనిచ్చే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసుకుని, గేమ్ నడుస్తున్నంతసేపూ గ్రాఫిక్స్ కార్డు వేడి, కోర్ క్లాక్ (చిప్పు నడిచే వేగం), వాట్లు ఎలా మారుతున్నాయో రాసుకోమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఇవాళ్టి పని దాన్ని బట్టే ఉంటుంది.

మొదట్లో క్లాక్ 1700 మెగాహెర్ట్జ్ ఉండి, అరగంటకల్లా 1450కి దిగిందా? వేడి 86, 87 డిగ్రీల దగ్గర నిలిచిపోయిందా? అలాగైతే క్లాక్ ఇంకా పెంచి లాభం లేదు. ల్యాప్‌టాప్ ఎన్‌విడియా చిప్పుల్లో చాలావాటికి ఆ వేడి దగ్గర క్లాక్ దానంతటదే తగ్గే ఏర్పాటు ఉంటుంది. మీరు 100 పెంచితే అది 250 తగ్గిస్తుంది.

మన తిరుపతిలో ఈ సంగతి మరీ ముఖ్యం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు. గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే చిప్పు కూడా దాదాపు అన్ని డిగ్రీలూ వేడెక్కుతుంది. జనవరి రాత్రి 22 డిగ్రీల గదిలో 74 దగ్గర నడిచిన కార్డు, మే నెల మధ్యాహ్నం కొర్లగుంటలో మేడ మీద 36 డిగ్రీల గదిలో 88 వైపు పోతుంది. చలి దేశాల వాళ్ళు వీడియోల్లో చూపించే అంకెలు మనకు పనికిరాకపోవడానికి కారణం ఇదే. మీ సెట్టింగ్‌ని ఎండాకాలం మధ్యాహ్నం పరీక్షించండి. అప్పుడు నిలబడితే ఏడాదంతా నిలబడుతుంది.

మొదటి పని శుభ్రం చేయడం. వారంటీ ఉంటే వెనక మూత విప్పొచ్చో లేదో ముందు కనుక్కోండి. మూత తీశాక ఫ్యాన్‌ని చూసి బాగానే ఉందనుకోకండి. అసలు దుమ్ము ఫ్యాన్‌కీ, గాలి బయటికి పోయే సన్నటి రేకులకీ మధ్య ఉంటుంది. పరుపు మీద పెట్టి వాడిన ల్యాప్‌టాప్‌లో అక్కడ నూగూ వెంట్రుకలూ కలిసి దుప్పటి ముక్కలా పేరుకుపోతాయి. దాన్ని పట్టకారుతో మెల్లగా లాగి తీయండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే గాలి వేగానికి అతిగా తిరిగి బేరింగ్ పాడవుతుంది.

ఇక అండర్‌వోల్టింగ్, అంటే చిప్పుకి అందే వోల్టేజీని తగ్గించడం. నా దృష్టిలో ల్యాప్‌టాప్‌కి అసలైన ఓవర్‌క్లాకింగ్ ఇదే. ల్యాప్‌టాప్‌లలో పవర్ లిమిట్ స్లైడర్‌కి సాధారణంగా తాళం వేసి ఉంటుంది. అంటే కార్డుకి దొరికే వాట్లు ఇన్నే. ఆ వాట్లతోనే ఎక్కువ పని చేయించుకోవాలి. చిప్పు తినే వాట్లు వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని వోల్టేజీతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి మారతాయి. క్లాక్ మార్చకుండా 0.95 వోల్టుల నుంచి 0.85కి దించితే ఆ ఖర్చు దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. క్లాక్ పడిపోకుండా నిలబడేది ఆ మిగులుతోనే.

ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వోల్టేజీ కర్వ్, అంటే ఎంత వోల్టేజీ దగ్గర ఎంత క్లాక్ అని చూపే గీత, తెరుచుకుంటుంది. ముందు కోర్ క్లాక్‌ని మైనస్ 200కి దించి అప్లై చేయండి, గీత మొత్తం కిందికి జారుతుంది. తర్వాత 850 మిల్లీవోల్టుల చుక్కను పట్టుకుని మీకు కావలసిన క్లాక్ దాకా, ఉదాహరణకి 1600 దాకా, పైకి లాగి మళ్ళీ అప్లై నొక్కండి. కుడివైపు చుక్కలన్నీ అదే ఎత్తులో చదునుగా పరుచుకోవాలి. ఏదైనా చుక్క ఇంకా పైనే ఉంటే మొదట దించింది సరిపోలేదన్నమాట. గేమ్ మూసుకుపోయినా, తెర ఒక్క క్షణం నల్లబడి తిరిగి వచ్చినా 15 మెగాహెర్ట్జ్ తగ్గించి చూడండి. వారం రోజులు నిలబడేదాకా విండోస్‌తో పాటే సెట్టింగ్ పడే ఆప్షన్ మాత్రం ఆన్ చేయకండి.

మెమరీ క్లాక్, అంటే కార్డు సొంత మెమరీ నడిచే వేగం, పెంచడం తేలిక. 100 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతూ ప్రతిసారీ యూనిజిన్ హెవెన్ అనే గ్రాఫిక్స్ పరీక్ష ప్రోగ్రామ్ నడిపి స్కోరు రాసుకోండి. తెర మీద రంగు చుక్కలు మెరిసేదాకా ఎదురుచూస్తూ పెంచుకుంటూ పోకండి. జీడీడీఆర్6 రకం గ్రాఫిక్స్ మెమరీలో తప్పుగా చేరిన డేటాను పట్టుకుని మళ్ళీ పంపించే ఏర్పాటు ఉంటుంది. అందువల్ల బొమ్మ చక్కగానే కనిపిస్తూ స్కోరు మాత్రం తగ్గుతుంది. స్కోరు తగ్గిన చోటు నుంచి 200 వెనక్కి రండి. పరీక్ష మధ్యలో కరెంటు పోతే ఆ స్కోరు కొట్టేయండి, బ్యాటరీ మీద కార్డుకి అందే వాట్లు పడిపోతాయి.

మార్చిన డ్రైవర్ల గురించి చాలామంది అడిగారు. డ్రైవర్ అంటే విండోస్ కార్డుతో పని చేయించుకునే ప్రోగ్రామ్. 2008 డిసెంబర్ దాకా ల్యాప్‌టాప్ డ్రైవర్ల కోసం తయారీ కంపెనీ మీదే ఆధారపడాల్సి వచ్చేది, ఎన్‌విడియా నేరుగా ఇచ్చేది కాదు. ఆ రోజుల్లో మొదలైన కిటుకు ఇది. డ్రైవర్‌తో వచ్చే ఐఎన్‌ఎఫ్ అనే మామూలు టెక్స్ట్ ఫైల్‌లో అది ఏయే కార్డులకి పనిచేస్తుందో జాబితా ఉంటుంది. మీ కార్డు అందులో లేకపోతే ఇన్‌స్టాలర్ ఒప్పుకోదు. ఆ జాబితాలో మన కార్డుని చేర్చడమే మార్చడం. అయితే ఒక్క అక్షరం మారినా, ఇది అసలుదేనని విండోస్‌కి చూపే డిజిటల్ సంతకం చెల్లదు, కాబట్టి విండోస్ స్టార్టప్ సెట్టింగ్స్‌లో సంతకం తనిఖీని ఆ ఒక్కసారికి ఆపి ఇన్‌స్టాల్ చేస్తాం. తర్వాత మామూలుగా రీస్టార్ట్ చేస్తే తనిఖీ మళ్ళీ మొదలవుతుంది.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. ఐఎన్‌ఎఫ్‌ని మీ చేత్తో మీరే మార్చుకోండి. ఎవరో లోపలి ఫైళ్ళు కూడా మార్చి పెట్టిన డ్రైవర్ ప్యాకేజీ ఎంత వేగం ఇస్తుందన్నా వద్దు. డ్రైవర్ విండోస్ కెర్నల్‌లో, అంటే అన్ని అధికారాలూ ఉండే లోపలి భాగంలో, నడుస్తుంది, అక్కడికి చేరిన ప్రోగ్రామ్‌కి మీ బ్యాంకు పాస్‌వర్డ్ చూడ్డం పెద్ద పని కాదు. మీ కార్డుకి కంపెనీ కొత్త డ్రైవర్ ఇస్తూనే ఉంటే ఈ జోలికే వెళ్ళకండి.

వచ్చే పాఠంలో ఆ ఫైల్ తెరుస్తాం. ఈలోగా డివైస్ మేనేజర్‌లో మీ కార్డు ప్రాపర్టీస్ తెరిచి, డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీ పూర్తిగా రాసుకోండి. ఎన్‌విడియా అయితే అందులో 10డీఈ అని ఉంటుంది. ఇప్పుడున్న డ్రైవర్ ఇన్‌స్టాలర్‌నీ, డిస్క్‌కి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీనీ ల్యాప్‌టాప్‌లో కాకుండా వేరే చోట దాచుకోండి. ఈ రెండూ చేతిలో లేకుండా నాలుగో పాఠం మొదలుపెట్టవద్దు.