పడకగది గోడ మీదికి బొమ్మ దించడం ఎలా?

మొన్న చెన్నై పెరంబూరులో మా పిన్ని కూతురి పడకగదిలో గోడ నిండా ఒక కలంకారీ చెట్టు చూశాను. ఆకులన్నీ ఎంతో ఓపిగ్గా నింపింది. కానీ చెట్టు మొత్తం కిటికీ వైపు ఒరిగిపోయింది. లేత పసుపు పువ్వుల కింద నల్లటి కార్బన్ గీతలు తేలుతున్నాయి. రెండు వారాల కష్టం, దించిన మొదటి రెండు గంటల్లోనే పాడైపోయింది. ఇలాంటి గోడలు చాలా చూశాను కాబట్టి నేను చేసే పద్ధతి రాస్తున్నాను. ఇది మగ్గం వర్క్ చేసేవాళ్ల పద్ధతే. కాగితం మీద గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, వాటిలోంచి పొడి అద్దుతాం.

ముందు గోడ సంగతి. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ పని పెట్టుకోకండి. ఆ వానలకు బయటి గోడలు చెమ్మ పీల్చుకుంటాయి. అనుమానంగా ఉంటే జానెడు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అతికించి ఒక రోజు ఉంచండి. లోపలివైపు నీటి చుక్కలు కనిపిస్తే గోడ ఆరనట్టే. అరచేత్తో రుద్దితే తెల్లగా అంటుకునే డిస్టెంపర్ గోడ అయితే ప్రైమర్, దాని మీద ఒక కోటు ఎమల్షన్ వేయాల్సిందే. అద్దె ఇల్లయితే ఓనర్‌కి ముందే చెప్పండి.

బొమ్మ మంచం తలాపు వైపు గోడ మీద ఉండకూడదు. పడుకున్నప్పుడు కళ్లకు ఎదురుగా ఉండే గోడ మీదే వేయాలి.

కావలసినవి పెద్దగా లేవు. ట్రేసింగ్ కాగితం రోలు, మాస్కింగ్ టేపు, కాస్త లావు సూది, సన్న ఉప్పు కాగితం, పాత మల్లు గుడ్డ, బొగ్గు పొడి, కావి పొడి. కాగితం చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధిలో దొరుకుతుంది. బొమ్మను ప్రింటింగ్ షాపులో అసలు సైజులో తీయించి, దాని మీద ట్రేసింగ్ కాగితం పరిచి గీయండి. ఆరడుగుల చెట్టుకు రెండు మూడు షీట్లు పడతాయి. షీట్లు కలిసే చోట రెండింటి మీదా కూడిక గుర్తులు పెట్టండి.

దుప్పటిని నాలుగు మడతలు వేసి, దాని మీద కాగితం పెట్టి గుచ్చండి. వంపుల దగ్గర 2 మిల్లీమీటర్లకో చిల్లు, తిన్నటి గీతల దగ్గర 4 లేదా 5 మిల్లీమీటర్లకో చిల్లు సరిపోతుంది. పొడవు గీతలకు దారం లేని కుట్టు మిషన్ వాడొచ్చు. అయ్యాక కాగితం తిరగేసి ఉప్పు కాగితంతో మెల్లగా రుద్దండి. సూది మొన బయటికి వచ్చిన వైపు కాగితం పొరలు లేచి ఉంటాయి, వాటిని అరగదీయకపోతే చిల్లులు మళ్లీ మూసుకుపోతాయి. ఈ ఒక్కటి మానేసి "పొడి దిగట్లేదు" అని గట్టిగా బాదేవాళ్లే ఎక్కువ.

కాగితం అతికించేటప్పుడు కిటికీ చట్రాన్నీ సీలింగ్ అంచునూ నమ్మకండి. మన అపార్ట్‌మెంట్లలో అవి సరిగ్గా నిలువుగానో మట్టంగానో ఉంటాయని చెప్పలేం. దారానికి బరువు కట్టి గోడ మీద వేలాడదీయండి, చెట్టు మానును ఆ దారానికి సరిపెట్టండి. టేపు పైఅంచున గట్టిగా, పక్కల అక్కడక్కడా వేయండి.

ఇక అసలు పని, పొడి అద్దడం. ఇక్కడ తొందరపడితే మిగతా శ్రమంతా వృథా.

మొదట పొడి. మగ్గం వాళ్లు పొడిని కిరోసిన్‌లో కలిపి గుడ్డతో రుద్దుతారు. బట్ట మీద అది బాగానే ఉంటుంది. గోడ మీద మాత్రం ఎప్పుడూ చేయకండి. కిరోసిన్ జిడ్డు మిగిలితే దాని మీద నీళ్ల రంగు పట్టదు. బట్టల నీలం కూడా వద్దు, తడి కుంచె తగలగానే పారి లేత రంగుల్లో కలుస్తుంది. ముదురు రంగులు వచ్చే చోట బొగ్గు పొడి వాడండి, పసుపు, గులాబీ, తెలుపు వచ్చే చోట కావి వాడండి. లేత రంగులో బొగ్గు కలిస్తే మాసినట్టు బూడిదగా అవుతుంది. కావి కలిసినా కాస్త వెచ్చటి ఛాయ వస్తుందే తప్ప మురికిగా కనిపించదు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు కాల్చిన చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గీస్తారు. చింతపుల్లలు దొరికితే నేనూ ఆ బొగ్గే వాడతాను. ఏ పొడైనా సన్న గుడ్డలో జల్లించాకే వాడండి.

రెండు పొరల మల్లు గుడ్డలో రెండు చెంచాల పొడి వేసి నిమ్మకాయంత మూట కట్టండి. ఫ్యాను ఆపండి. అందుకే తెల్లవారుజామున ఐదింటికే మొదలుపెట్టాలి. పొద్దెక్కితే ఫ్యాను లేకుండా ఈ ఊళ్లో నిలబడలేం, చెమట చుక్క ఒక్కటి పడినా పొడి ముద్దకడుతుంది. మణికట్టుకు గుడ్డ చుట్టుకోండి.

మూటతో తట్టాలి, రుద్దకూడదు. రుద్దితే పొడి కాగితం కిందికి పాకి చుక్కలన్నీ ఒక మరకగా మారతాయి. పైనుంచి కిందికి రండి. కింది భాగం ముందు చేస్తే పైనుంచి రాలిన పొడి దాని మీద పడుతుంది. ఎడమ చేత్తో కాగితం గోడకు ఆనించి పట్టుకుని, కుడి చేత్తో ఒక్కో చోట మూడు నాలుగు సార్లు తట్టండి. జానెడు అయ్యాక పైటేపు కదపకుండా కింది మూల ఎత్తి చూడండి. చుక్కలు వేటికవి విడిగా కనిపించాలి. కనిపించకపోతే కాగితాన్ని మళ్లీ అలాగే వాల్చి ఇంకోసారి తట్టండి. పైటేపు ఊడదీశారంటే మళ్లీ అదే చోట కూర్చోబెట్టడం దాదాపు అసాధ్యం. ఎక్కడైనా మరక పడితే తడిగుడ్డ పెట్టకండి, పొడి కుంచెతో దులపండి.

ప్రొజెక్టర్ ఉంటే ఇదంతా ఎందుకని అడుగుతారు. పడకగదిలో ప్రొజెక్టర్‌ను గోడకు ఎదురుగా పెట్టే జాగా ఉండదు. కాస్త పక్కకు పెడితే బొమ్మ ఒకవైపు సాగుతుంది. పైగా మన నీడే గీత మీద పడుతుంది. కార్బన్ కాగితంలో మైనం ఉంటుంది, అది లేత రంగుల కిందినుంచి పైకి కనిపిస్తుంది. గళ్లు గీసి దించితే పెన్సిల్ గీతలు చెరిపిన చోట గోడ మెరుస్తుంది. చిల్లుల కాగితం కొత్తదేమీ కాదు. మొఘల్ చిత్రకారులు పలచటి జింక చర్మం మీద గీత వెంట చిల్లులు పొడిచి, బొగ్గు పొడి అద్ది బొమ్మలు దించేవారు. 1508 నుంచి 1512 దాకా వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ కప్పు చిత్రించిన ఇటలీ చిత్రకారుడు మైకెలాంజెలో కూడా కొన్ని భాగాలకు ఇదే పద్ధతి వాడాడు.

చుక్కలు పడిన రోజే వాటిని కలపండి, మర్నాటికి వదలకండి. అక్కడ రాబోయే రంగునే నీళ్లతో పలచగా చేసి, సన్న కుంచెతో చుక్కల వెంట గీయండి. గంటసేపు ఆరనిచ్చి, మిగిలిన పొడిని మెత్తటి పొడి కుంచెతో దులపండి. ఆ తర్వాత ఫ్యాను వేసుకుని తాపీగా రంగులు నింపుకోవచ్చు.

కాగితం పారేయకండి. దులిపి, చుట్టి దాచుకోండి. చెట్టుకు ఇటు ఉన్న నెమలికి ఎదురుగా అటు ఇంకో నెమలి కావాలంటే అదే కాగితం తిరగేసి అద్దితే చాలు.